మెరైన్ రేటు

మా ఆయనకి ఈత రాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే మా పడవ గురించి విన్న ప్రతివాళ్ళూ మొదట అడిగేది అదే. తర్వాత అడిగేది, పడవ ఏ నీళ్ళలో ఉందని. ఏ నీళ్ళలోనూ లేదు. నాంపల్లిలో, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ వెనక సందులో, ఒకప్పుడు కలప అడితి నడిచిన యార్డులో, ఇనప ట్రైలరు మీద ఉంది. దానికి నెలనెలా కిరాయి కడుతున్నాం. నుమాయిష్ జరిగినన్నాళ్ళూ యార్డు పార్కింగుకిస్తే ఎక్కువ వస్తుందని, యజమాని జనవరి నెలకి మా దగ్గర రెండింతలు తీసుకుంటాడు.

పడవ అంటే తెడ్డు వేసేది కాదు. క్యాబిన్ క్రూజరు. ఇరవై ఆరడుగుల పొడవు, ఫైబరు ఒళ్ళు, లోపల చిన్న గది, రెండు పడకలు, పొయ్యి, సింకు, నడుం వంచితే గాని పట్టని బాత్రూము. మా ఫ్లాటులో కుళాయి కారుతుంటే ఆర్నెల్లు పట్టించుకోని మనిషి, నీళ్ళే రాని ఆ సింకు కుళాయికి మాత్రం వాషరు మూడుసార్లు మార్చారు.

మా ఆయన ఫణికుమార్‌కి నాంపల్లి కోర్టుల ఎదురుగా టైపింగు, జిరాక్సు బంకు ఉంది. అఫిడవిట్లు, కిరాయి అగ్రిమెంట్లు, వేలం నోటీసులు టైపు చేస్తారు. ఎందరి ఇళ్ళు, కార్లు, ఫ్రిజ్‌లు వేలానికి వెళ్ళే కాగితాలు ఆ చేతుల మీదుగా పోయాయో. దేని మీదా మనసు పడలేదు. ఎక్కడో చెరువు గట్టున ఒక రిసార్టు బ్యాంకు అప్పు తీర్చలేక మూతపడితే, దాని సామాన్ల జాబితా టైపు చేస్తూ, ప్లాస్టిక్ కుర్చీలూ ఏసీలూ దాటి చివర్న ఉన్న ఈ పడవ దగ్గర ఆగిపోయారు. వేలానికి వెళ్ళారు. పాట పాడినవాళ్ళు ఇంకెవరూ లేరు. అక్కడే అర్థం కావాల్సింది.

"మా నాన్నది గోదావరి, రత్నం. పడవ మా రక్తంలో ఉంది" అన్నారు ఇంటికొచ్చి.

మామగారు రామచంద్రమూర్తిగారు యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతో పాటు ఈ ఊరు వచ్చినవారు. ఆయన గోదావరి దాటిన మాట నిజమే. మా ఆయన పుట్టింది మాత్రం నాంపల్లి దవాఖానలో. ఆయన చూసిన పెద్ద నీళ్ళు హుస్సేన్ సాగర్, అదీ బస్సు కిటికీలోంచి. ఇక తండ్రి వైపు నుంచి ఆ రక్తంలోకి పడవ ఎలా వచ్చిందో ఆయనే చెప్పాలి.

బాగుచేసి రెండింతలకి అమ్మేద్దాం అనేది మొదట్లో మాట. బాగుచేయడం మొదలయ్యాక నాకు తెలిసొచ్చింది, ఏ వస్తువు పేరు ముందైనా 'మెరైన్' అని చేరిస్తే దాని ధర మూడింతలవుతుందని. స్క్రూ వేరు, మెరైన్ స్క్రూ వేరు. వైరు వేరు, మెరైన్ వైరు వేరు. ఉస్మాన్‌గంజ్‌లో గుప్పెడు తూకానికి దొరికే బోల్టులు, మెరైన్ అయ్యేసరికి ఒక్కొక్కటీ డబ్బీలో పెట్టుకుని వస్తాయి. పడవ అడుగుకి వేసే పెయింటు ఒకటి తెప్పించారు. అది వేస్తే నీళ్ళలో పాచి పట్టదట. నాంపల్లిలో పాచి ఎక్కడి నుంచి పడుతుందండీ అని అడిగాను. ముందుజాగ్రత్త అన్నారు. తర్వాత ఒక జింకు దిమ్మ వచ్చింది. ఉప్పునీళ్ళలో తుప్పు పట్టినప్పుడు, అది వెనకున్న ఫ్యానుని వదిలేసి ఈ దిమ్మని తింటుందట. అంటే తుప్పుకి మేత. ఉప్పునీళ్ళు లేని ఊళ్ళో తొమ్మిదివేలు పోసి తుప్పుకి మేత కొన్నాం.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది ఇంపెల్లరు. అరచేతిలో పట్టే నల్ల రబ్బరు చక్రం. బయటి నీళ్ళు లోపలికి లాగి ఇంజన్ని చల్లగా ఉంచేది అదే. పాతదాని రెక్కలు విరిగాయి. దాన్ని జేబులో వేసుకుని మా ఆయన అఫ్జల్‌గంజ్ నుంచి ఉస్మాన్‌గంజ్ దాకా ప్రతి దుకాణం మెట్లూ ఎక్కారు. ఒక సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మిక్సీదా?" అని అడిగాడట. చివరికి బొంబాయి నుంచి తెప్పించారు. రబ్బరుకి ఆరువేలు, పార్సిలుకి వేరే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక బోటింజన్ మాన్యువల్ దొరికితే అదీ కొన్నారు. అది మా ఇంజన్ది కాదు. సూత్రం ఒకటే కదా అన్నారు.

ఈ యజ్ఞానికి ఆచార్యులు ఎర్నెస్ట్‌గారు. సికింద్రాబాద్ ఆయన, రైల్వే డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. ఇంజన్ మూత విప్పే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. మూత బిగించాక నా వైపు తిరిగి, "ఇంకొక్క పార్టు, సిస్టర్. ఇది మారిస్తే మళ్ళీ చూడక్కర్లేదు" అంటారు. మళ్ళీ చూడక్కర్లేని పార్టులు ఎన్ని కొన్నామో ఆ దేవుడికే తెలియాలి.

ఆ డబ్బు నాది. ఈ కథలో నాకున్న కడుపుమంటంతా అదే.

ఆబిడ్స్‌లో పెద్దరోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో నాది మ్యాచింగ్ సెంటరు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్. ఆరడుగుల వెడల్పు కొట్టు గది, ఇక్కడి మాటలో మల్గి, కిరాయిది. కోఠీ దాటి, మెహదీపట్నం దాటి చీర పట్టుకుని నా దగ్గరికి వస్తారు. చీర కొంగు ట్యూబులైటు కింద ఒకసారి, గుమ్మంలో ఎండకి ఒకసారి చూశానంటే దానికి సరిపోయే ముక్క అరలోంచి తీసి ఇస్తాను. తప్పు పోయిన రోజు లేదు. బంకులో ఆయన ఫణిగారు, ఇంట్లో నేను కోడల్ని, షాపులో మాత్రం నేను శేషారత్నాన్ని. పాత యజమాని పోయాక కొడుకు రవికిరణ్ మల్గి అమ్మకానికి పెట్టాడు. కొనడానికే నేను ఏళ్ళతరబడి కూడబెట్టాను. ఆ కూడబెట్టిందే ఇంజను బాగయ్యేదాకా అని మా ఆయన తీసుకున్నారు. ఇచ్చింది నేనే, తల తాకట్టు పెట్టినట్టు.

రవికిరణ్ మర్యాదస్తుడే. "ఆంటీ, సోమవారం దాంక ఆగుతా. ఆ తర్వాత నాతోని కాదు. పక్కన మొబైల్ కవర్లాయన పైసలు పట్టుకొని కూసున్నడు" అన్నాడు.

అదృష్టం కొద్దీ సరిగ్గా ఆ వారమే సురేందర్ ఫోన్ చేశాడు. నాగార్జునసాగర్ దగ్గర రిసార్టు మేనేజరు. పడవ ఫోటోలు వాళ్ళ యజమానికి నచ్చాయి. ఇంజన్ తన కళ్ళ ముందు అరగంట ఆగకుండా నడిస్తే అక్కడికక్కడే మొత్తం పంపిస్తామన్నాడు. ఆ డబ్బుతో మల్గి నాదవుతుంది. అరగంట నడిస్తే చాలు. అది విని వారం రోజులు నేను మా ఆయనతో నవ్వుతూ మాట్లాడాను.

నీళ్ళు లేని చోట పడవ ఇంజన్ ఎలా నడుపుతారని నాకూ అనుమానం వచ్చింది. దానికో పద్ధతి ఉందట. పెద్ద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్ళు పోసి పడవ కింద పెడతారు. ఇంజన్ నీళ్ళు లాగే గొట్టం అందులో ముంచుతారు. బోరు పైపు నుంచి ఒకపక్క డ్రమ్ము నిండుతూ ఉంటుంది, ఇంజన్ ఒకపక్క తాగుతూ ఉంటుంది, వేడెక్కిన నీళ్ళు వెనక నుంచి పొగతో పాటు బయటికి పోతాయి. ఎర్నెస్ట్‌గారు శనివారం అన్నీ అమర్చారు. అమర్చి, నా వైపు తిరిగారు.

"వేడెక్కితే కూసే బజరు పనిచేయట్లేదు, సిస్టర్. మెరైన్ సెన్సరు. పదకొండువేలు."

"ఒక్క రూపాయి కూడా ఇవ్వను. కూయకపోతే ఏం, మీ ఇద్దరికీ కళ్ళున్నాయి కదా" అన్నాను.

ఆదివారం పొద్దున అత్తయ్యగారు నన్ను పిలిచారు. బుజ్జమ్మ ఆవిడ పేరు. గోదావరి లంకల్లో పుట్టి పెరిగారు, మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు గుమ్మం దాటరు. పసుపు, కుంకుమ పొట్లాలు, చామంతిపూలు నా చేతిలో పెట్టారు.

"ఇవాళ పడవ నీళ్ళు ముడుతోంది కదమ్మా. ముందు గంగమ్మకి పసుపు కుంకుమ ఇచ్చి, రవికలగుడ్డ పెట్టు. మా నాన్న పడవ దించిన ప్రతిసారీ మా అమ్మ పెట్టేది. అది చెయ్యకుండా పడవ కదిలించకూడదు."

మామూలు రోజైతే, పార్టులకి పెట్టింది చాల్లేదా అత్తయ్యగారూ అనేదాన్ని. ఆ పడవకి నేను ఏనాడూ ఒక అగరొత్తి వెలిగించలేదు. కాని ఆ రోజు నాకు భయంగా ఉంది. ఏదైనా చేస్తాను, పడవ పోతే చాలు అన్నట్టున్నాను. దారిలో షాపు తెరిచి గుడ్డ తీశాను. ముందు పెట్టుబడి ముక్క చేతికొచ్చింది. అంటే పేరంటాల్లో చేతులు మారడమే తప్ప ఎవరూ కుట్టించుకోని పల్చటి గుడ్డ. మల్గి అడుగుతూ తల్లికి ఇదా పెట్టడం అని సిగ్గేసింది. దాన్ని లోపల పెట్టేసి, టూ బై టూ రుబియాలో మంచి చిలకాకుపచ్చ మీటరు గుడ్డ కొలిచి చించాను.

ఎర్నెస్ట్‌గారు ఆదివారం ఆరాధన అయ్యాకే పనికి వస్తారు. సురేందర్ మాత్రం పొద్దున్నే వచ్చేశాడు. సందు దొరకడం లేదని మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి ఫోన్ చేస్తే, మా ఆయన తీసుకురావడానికి వెళ్ళారు. యార్డులో నేనొక్కదాన్నే మిగిలాను. పడవ, నేను, డ్రమ్ము.

గంగమ్మ ఎక్కడుంది? పడవ ముట్టబోయే నీళ్ళు అవే. డ్రమ్ము ముందు నిలబడి పసుపు చల్లాను, కుంకుమ చల్లాను. పూలు వేశాను. రుబియా గుడ్డ నాలుగు మడతలు పెట్టి రెండు చేతులతో నీళ్ళలో వదిలాను. అది మెల్లగా మునిగింది. "తల్లీ, దీన్ని సాగర్ తీసుకుపో. నా షాపు నాకివ్వు" అని దండం పెట్టుకున్నాను. ఎంత మనసారా పెట్టుకున్నానంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి.

మా ఆయన, సురేందర్ వచ్చారు. మా ఆయన దారి పొడుగునా ఇంజన్ గుణగణాలు చెబుతూనే ఉన్నట్టున్నారు, డ్రమ్ము వైపు చూడలేదు. ఇద్దరూ నిచ్చెన ఎక్కి పైకి వెళ్ళారు. సురేందర్ పడకలు నొక్కి చూశాడు, కుళాయి తిప్పి చూశాడు.

"మంచిగనే పెట్టుకున్నరన్నా. మా సారుకు నచ్చుతది. ఇగ ఇంజన్ చాలూ చెయ్యి" అన్నాడు.

ఇంజన్ అందుకుంది. యార్డు గోడ మీది పావురాలు లేచిపోయాయి. వెనక నుంచి నీళ్ళు దబదబా పడ్డాయి, లేత పసుపు రంగులో. డ్రమ్ములో పూలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. గుడ్డ మడత విప్పుకుని, గొట్టం వైపు సాగి, కిందికి వెళ్ళిపోయింది. తల్లి తీసుకుంటోంది అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. చేతులు జోడించి నిలబడి ఉన్నాను.

కాసేపటికి వెనక నీళ్ళు సన్నబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. పొగ తెల్లగా, దట్టంగా వస్తోంది. పైన వీళ్ళిద్దరూ స్టీరింగు దగ్గర నిలబడి సాగర్‌లో ఎన్ని ట్రిప్పులు తిరగొచ్చో మాట్లాడుకుంటున్నారు. కూసే బజరు లేదు. రబ్బరు కాలిన వాసన నాకే ముందు తగిలింది. అరిచాను. ఇంజన్ చప్పుడులో నా మాట వాళ్ళకి చేరలేదు. నేను నిచ్చెన సగం ఎక్కేసరికి లోపల టప్‌మని ఏదో పగిలింది. ఇంజన్ దానంతట అదే ఆగిపోయింది.

మా ఆయన దూకినట్టు దిగారు. వంగి, డ్రమ్ములోంచి గొట్టం పైకి లాగారు. గొట్టం మూతికి చిలకాకుపచ్చ గుడ్డ బిగుసుకుపోయి ఉంది, గిన్నెకి వాసెన కట్టినట్టు. మంచి గుడ్డ. పెట్టుబడి ముక్కయితే చిరిగి ఉండేదేమో. దాని మడతల్లో చామంతి రేకులు అతుక్కుని ఉన్నాయి. ఆయన దాన్ని చూశారు. నన్ను చూశారు.

నిచ్చెన మీద చప్పుడైంది. సురేందర్ దగ్గుకుంటూ దిగుతున్నాడు. మా ఆయన గుడ్డ పీకి, నీళ్ళు కారుతుండగానే చొక్కా జేబులో కుక్కుకున్నారు.

"ఏమైందన్నా?"

"రబ్బరు పోయింది. నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నారు మా ఆయన.

"రబ్బరే గాదు, ఇంజన్ పట్టేసినట్టుంది. చప్పుడు విన్న గదా" సురేందర్ డ్రమ్ములోకి కూడా తొంగిచూడలేదు. పాపం, బాధగానే ఉన్నాడు. "బాడీ మంచిగుంది గని, ఇంజన్ గిట్లుంటే నేనేం జేసుకోవాలె? మా సారు నన్ను తిడ్తడు. ఏమనుకోకున్రి మేడం."

నేను ఏమీ అనుకోలేదు. చాయ్ తాగి వెళ్ళమని కూడా అనలేకపోయాను. అతను సందు మలుపు తిరిగాడు. అప్పుడు మా ఆయన వైపు తిరిగి, తిట్టండి అన్నాను. ఆయన తిట్టలేదు. డ్రమ్ములోంచి మిగిలిన పూలు ఒక్కొక్కటీ ఏరి ట్రైలరు మీద పెడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ పడవ పేరు చెప్పి ఈ మనిషిని పొద్దున్నా సాయంత్రం సాధించాను. ఒక్కసారి నన్ను సాధించడానికి అవకాశం వస్తే పూలు ఏరుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఎర్నెస్ట్‌గారు టై కట్టుకుని, చేతిలో బైబిలుతో వచ్చారు. మూత విప్పి చూశారు. ఆ రోజు ప్రార్థన ముందు కాదు, తర్వాత చేశారు. నా వైపు తిరిగి నోరు తెరిచారు గాని, నా ముఖం చూసి మూసేసుకున్నారు.

యార్డు గోడకి ఆనుకుని నేను రవికిరణ్‌కి ఫోన్ చేశాను. సోమవారం దాకా ఆగక్కర్లేదు బాబూ, కవర్లాయనకి ఇచ్చెయ్ అన్నాను. "సరుకు నెలాఖరు దాంక ఉంచుకోండి ఆంటీ, ఫికర్ చెయ్యకండి" అన్నాడు. మంచివాడు. అతను మంచివాడు కాకపోతే ఇంకా తేలిగ్గా ఉండేది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. కొడుకు చొక్కా జేబు నుంచి నడుం దాకా పసుపు మరక చూశారు.

"అమ్ముడైందా? గంగమ్మకి పెట్టారా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు. "పెట్టింది అమ్మా. నిండుగా పెట్టింది. అందుకే ఇంజనొక్కటే పోయింది, మనకెవరికీ ఏం కాలేదు."

"అదే మరి" అన్నారు ఆవిడ, తృప్తిగా.

అది నేను భరించలేకపోయాను. ఆయన నన్ను వెనకేసుకొస్తున్నారని తెలుసు. ఆ పడవ కొన్న మనిషి దయ నాకు అక్కర్లేదు అనిపించింది, అంతకన్నా ఎక్కువగా కావాలనీ అనిపించింది.

"అత్తయ్యగారూ, నేను గంగమ్మకి పెట్టలేదు. డ్రమ్ములో పెట్టాను. ఆ గుడ్డే గొట్టానికి అడ్డం పడింది. ఇంజన్ పోవడం నా వల్ల, షాపు పోవడం నా వల్ల" అన్నాను. అనేసి ఏడ్చాను. ఇన్ని పార్టులు కొన్నప్పుడు రాని ఏడుపు మొత్తం అప్పుడు వచ్చింది.

అత్తయ్యగారు కుర్చీలోంచి ముందుకి వంగారు.

"డ్రమ్మయితే ఏంటమ్మా, అవీ నీళ్ళే కదా" అన్నారు. "నువ్వు పెట్టావు, ఆవిడ తీసుకుంది. ఏం తీసుకోవాలో మనం చెబుతామా?"

కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను. మా ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"సరుకు పెట్టుకోవడానికి చోటు కావాలి కదా రత్నం. యార్డు కిరాయి ఎలాగూ కడుతున్నాం. క్యాబిన్‌లో రెండు పక్కలా అరలున్నాయి. తలుపుకి తాళం ఉంది. మెట్రోకి దగ్గర. నీకోసం వచ్చేవాళ్ళు అక్కడికీ వస్తారు."

చేతిలో బియ్యం గిన్నె ఆయన మీదికి విసరనందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి. ఆబిడ్స్‌లో ట్యూబులైటు కింద, గుమ్మంలో ఎండకి రంగులు చూసిన నేను, నాంపల్లి యార్డులో నిచ్చెనెక్కి, పడవలో కూర్చుని జాకెట్టు ముక్కలు అమ్మాలి. నా అరలన్నీ కళ్ళ ముందు కదిలాయి. ముదురు నుంచి లేత దాకా, ఎరుపులు ఒక వరుస, పచ్చలు ఒక వరుస. వాటిని ఎక్కడో ఒకచోట పెట్టాలి. నెలాఖరు దూరం లేదు.

"నీళ్ళు కారతాయా?" అని అడిగాను.

ఆ పడవ గురించి మా ఆయన నాకు మొదటిసారి నిజం చెప్పారు.

"కిందనుంచి రావు" అన్నారు. "పైనుంచి కొంచెం."